గుసగుస కోసం కుట్టిన సీట్లు

డబ్బా అసలు పేరు వాళ్ళావిడకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. ఆవిడా ఆ పేరుతో పిలవదు. బుద్ధెరిగినప్పటి నుంచీ స్పీకరు డబ్బాలు విప్పడం, బిగించడం తప్ప మరో పని ఎరగని మనిషికి ఆ పేరు పెట్టడానికి పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. అతని షాపు పక్క షట్టరు వాళ్ళక్కది. కార్లకీ వ్యాన్లకీ సీట్లు కుట్టడం ఆవిడ పని. రెండు షాపుల మధ్య గోడకి తలుపుంది గానీ, అది మూసి ఉండగా చూసినవాళ్ళు లేరు. ఇటు నుంచి అటు పాటలు, అటు నుంచి ఇటు స్పాంజి తుక్కు, రెండువైపులా చీవాట్లు వస్తూ పోతూ ఉంటాయి.

అక్కకి మాట తక్కువ. ఆ కాస్తా కూడా సూదిలాగే ఉంటుంది. ఆవిడ కుట్టిన సీటు మాత్రం అలా కాదు. అందులో కూర్చున్నవాడు ఊరొచ్చాక కూడా దిగడానికి బద్ధకిస్తాడు. కూర్చున్న మనిషి వీపుకి గట్టిది ఏదీ తగలకూడదన్నది ఆవిడ పంతం. కుట్టు కూడా వేలితో తడిమితే తెలియాలే తప్ప వీపుకి తెలియకూడదంటుంది.

ఇక డబ్బా పెళ్ళాం. కొండదారి చూడ్డానికి వచ్చేవాళ్ళని తిప్పే వ్యానులో గైడు. వ్యాను ఓనరు దగ్గర్నుంచి పంక్చర్లు వేసే అతని దాకా అందరూ గైడమ్మ అనే పిలుస్తారు. నోట్లో నువ్వుగింజ నానదు అంటే ఎవరికైనా తిట్టే గానీ, ఈవిడకి అదే ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇంజను మోతని మించి, మైకు లేకుండా, చివరి వరసలో కునికిపాట్లు పడుతున్నవాడిని కూడా లేపి కూర్చోబెట్టే గొంతు. వదినా మరదళ్ళిద్దరూ ఒకచోట చేరితే మాటలన్నీ ఈవిడవి, ఊఁ కొట్టడం ఆవిడది. కాపరానికి వచ్చిన నాటి నుంచీ అదే ఒప్పందం.

ఆ గొంతు పోయింది. లోపల గడ్డ తేలితే ఆపరేషను చేశారు, మనిషి దక్కింది. "ప్రాణానికేం భయం లేదు, గొంతు మాత్రం ఇక ఇంతే" అంది డాక్టరమ్మ. ఆ ఇంతే ఎంతంటే, గుసగుసంత. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గైడమ్మ మాట ఇప్పుడు రెండో సీటు దాటడం లేదు. ఫ్యాను తిరుగుతుంటే వంటింట్లో అన్నది హాల్లోకి రావడం లేదు.

డబ్బా చెయ్యగలిగిందంతా చేశాడు. ఆవిడ నోటి దగ్గర మైకు పెట్టి, వ్యాను కప్పుకి ఉన్న స్పీకర్లలో వినిపించి చూశాడు. గుసగుసలో మాట కన్నా గాలే ఎక్కువ. ఇంజను నడుస్తుంటే అదీ వినపడదు. శబ్దం పెంచితే గాలి ఒక్కటే బుస్సుమంటూ లేచింది. ఇంకొంచెం పెంచేసరికి మైకు కీచుమని కూత పెట్టింది. వ్యానులో ఉన్నవాళ్ళు చెవులు మూసుకున్నారు.

ఓనరు చెడ్డవాడేం కాదు. "గైడమ్మగారూ, మీరు బాధపడకండి" అన్నాడు. "మీరు ఇదివరకు చెప్పినవన్నీ ఎవరో సరదాకి రికార్డు చేసి ఇచ్చారు. అది వేస్తాం. మోగేది మీ గొంతే, చెప్పుకునేది మీ పేరే. మీరు హాయిగా ఇంట్లో కూర్చోండి."

ఆ రికార్డుని శుభ్రం చేసే పని డబ్బాకే అప్పజెప్పాడు. డబ్బా ఆ పనిని ఎంత ప్రేమగా చేశాడో చెప్పలేం. ఇంజను మోత తీసేశాడు, ఎవరిదో దగ్గు తీసేశాడు, గొంతుకి మెరుగు పెట్టాడు. అంతా అయ్యాక పెళ్ళాన్ని పిలిచి, షాపులోకెల్లా మంచి స్పీకర్లలో వినిపించాడు. ఆవిడ గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. తరవాత దగ్గరికి వచ్చి, ఇప్పుడు ఎవరితోనైనా అలాగే మాట్లాడాలి కాబట్టి, అతని చెవి దగ్గర నోరు పెట్టింది.

"చాలా బాగుంది. ఇక ఆవిడతోనే కాపరం చెయ్యండి."

అని మధ్య తలుపులోంచి వదిన షాపులోకి వెళ్ళిపోయింది.

డబ్బాకి చెంప మీద కొట్టినట్టయింది. తను చేసిన తప్పేమిటో కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక స్పీకర్లు కట్టేశాడు. గుమ్మం దాకా వెళ్ళి అటు చూశాడు. అక్క పీట మీద కూర్చుని సీటు అంచు కుడుతోంది. గైడమ్మ ఆవిడ భుజానికి ఆనుకుని, చెవిలో ఏదో చెబుతోంది. చెప్పి, ఆగింది. ఆ ఆగడం డబ్బాకి తెలుసు. వ్యానులో నవ్వు రాబోయే ముందు ఆవిడ సరిగ్గా అలాగే ఆగేది. మరుక్షణం అక్క, ఏడాదికో నవ్వు నవ్వే అక్క, సూది కింద పడేసుకుని పకపకా నవ్వింది.

"ఏమంది?" అన్నాడు డబ్బా. రెండు మూరల దూరంలో ఉన్నా అతనికి ఒక్క ముక్క వినపడలేదు.

"నీ గురించే. నీకెందుకూ?" అంది అక్క కళ్ళు తుడుచుకుంటూ.

డబ్బా కదల్లేదు. అక్క చెవి దగ్గర ఆ గొంతుకి ఏ లోటూ లేదు. విరుపు ఉంది, ఒడుపు ఉంది, ఆగాల్సిన చోట ఆగడం ఉంది. లోటల్లా మధ్యలో ఉన్న దూరంలోనే ఉంది. నెలల తరబడి తను గొంతుని పెంచాలని చూశాడు తప్ప దూరం తగ్గించాలని చూడలేదు.

"అక్కా, సీటులో స్పీకరు పెడితే? ఒక్కొక్కళ్ళ పక్కనా ఒకటి?"

అక్క మరదలి మొహం చూసింది. ఆ మొహంలో ఏం కనిపించిందో గానీ, "వ్యాను సీట్లన్నీ కొత్త గుడ్డ కోసం నా దగ్గరే పడున్నాయిగా. పద" అని లేచింది.

ఓనరు కూడా సరేనన్నాడు, తన పద్ధతిలో. కొండెక్కేటప్పుడు గైడమ్మ చెప్పాలి, దిగేటప్పుడు రికార్డు వెయ్యాలి. ఏది బాగుంటే అదే ఇక మీదట. "పోటీ మీతో మీకేనమ్మా" అన్నాడు నవ్వుతూ. గైడమ్మ నవ్వలేదు. దారీ తనదే, కథలూ తనవే, చివరికి తనని ఇంట్లో కూర్చోబెట్టబోయే గొంతు కూడా తనదే. ఇక ఎవరిని తిట్టుకోవాలి?

అసలు తగువు అప్పుడు మొదలైంది. స్పీకరు ముందు గుడ్డ పలచగా ఉండాలన్నాడు డబ్బా. వీపుకి స్పీకరు తగిలితే తన పరువేం కావాలంది అక్క. సీటుకి చిల్లు పెడతానన్నాడు తమ్ముడు. పెడితే నీ చేతికి పెడతానంది అక్క. చివరికి సీటు వీపులో, భుజాల దగ్గర, స్పీకర్లు పొదిగి, వాటి మీద మెత్తటి స్పాంజి వేసి, మీదుగా దళసరి రెక్సిను నున్నగా లాగి కుట్టింది. చూడ్డానికి కన్నుల పండగే. డబ్బా ఒక్కో సీటు ముందూ మోకాళ్ళ మీద కూర్చుని, సీటుకి చెవి ఆనించి, కాస్త శబ్దం పెంచి విన్నాడు. మాట తెలుస్తోంది. మొదటి సీటు నుంచి చివరి సీటు దాకా అలాగే విని, బ్రహ్మాండం అన్నాడు.

మర్నాడు వీధిలో వాళ్ళని పిలిచి వ్యానులో కూర్చోబెట్టారు. టీ కొట్టాయన, టైలరమ్మ, పంక్చర్లు వేసే అతను, డ్రైవరు, ఇంకా పనీపాటా లేని నలుగురు. ఇంజను వేశారు. గైడమ్మ ముందు నిలబడి, మైకులో తన గుసగుసతో కొండ మలుపు కథ ఒకటి చెప్పింది. నవ్వు రావలసిన చోట ఆగింది. ఎవరూ నవ్వలేదు. మొహమొహాలు చూసుకున్నారు.

చివరికి పంక్చర్లతనే నోరు విప్పాడు. "అమ్మా, మీరేదో అంటున్నారని నా నడుముకి తెలుస్తోంది. చెవికే ఇంకా కబురు రాలేదు."

దానికి మాత్రం వ్యానంతా నవ్వింది. గైడమ్మ కూడా నవ్వింది, చప్పుడు లేకుండా, భుజాలు కదిలేలా. నవ్వుతూనే మైకు పక్కన పెట్టి, మెట్టు దిగి, ఇంటి వైపు నడిచింది. ఆ నడక అక్కాతమ్ముళ్ళిద్దరూ చూశారు.

"సీటుని ఒంగి చూసేవాడిని నిన్నొక్కడినే చూశాను" అంది అక్క పళ్ళు నూరుతూ. "కూర్చుని చూడాల్రా! ఖాళీ సీటుతో వ్యాను నడుపుతారా ఎవరైనా? వీపు ఆనగానే నీ పాటంతా వీపు కిందే ఉండిపోయింది."

"నువ్వు కప్పిన బొంత కింద దానికి ఊపిరాడితేగా! ముందు అది చూసుకో."

ఇద్దరూ అన్నది నిజమే. అందుకే ఆ పూటంతా ఇద్దరూ మాట్లాడుకోలేదు. అబద్ధమైతే ఈపాటికి కలిసిపోయేవాళ్ళు.

తెల్లారి షాపు తెరిచేసరికి గైడమ్మ వచ్చి ఉంది. వదిన గుడ్డముక్కల గంపని నేల మీద బోర్లించి, ఒక్కోటీ తీసి మూతికి అడ్డం పెట్టుకుంటోంది. మొగుణ్ణి దగ్గరికి రమ్మని సైగ చేసి, ఆ గుడ్డ వెనక నుంచి చెప్పింది: "సీసా, చీపురు, శనివారం." రెక్సిను వెనక నుంచి సకారాలూ శకారాలూ ఎగిరిపోయాయి. తోలు వెనకా అంతే. అప్పుడు తెలిసింది డబ్బాకి. గుసగుసలో ఉన్నదంతా ఆ సన్నటి గాలి అక్షరాలే. మందపాటి గుడ్డ సరిగ్గా వాటినే మింగేస్తుంది. పాతికేళ్ళుగా శబ్దంతో కాపరం చేస్తున్న తనకి తోచనిది, ఆ గొంతుతో బతకాల్సిన మనిషికి తోచింది. అతనికి పెళ్ళాం మీద అప్పటికే ఉన్న గౌరవం మరో మెట్టు ఎక్కింది.

గంపంతా అయ్యాక ఒక్క గుడ్డ గెలిచింది. సీటు వెనక సంచీకి వేసే జాలీ గుడ్డ. దాని వెనక నుంచి శనివారం శనివారంగానే వచ్చింది.

"జాలీ గుడ్డా?" అక్క మొహం మాడిపోయింది. "నా సీటు మొహానికా? దోమతెర అనుకుంటారే జనం!"

గైడమ్మ వదిన చెవిలో ఏదో అంది. అక్క ఆ జాలీ ముక్కని చేతిలోకి లాక్కుని, "సరేలే" అంది. ఏమందో ఇద్దరూ డబ్బాకి చెప్పలేదు.

ఆ తరవాత అక్క చేసిన పని చూసి తీరాలి. టైలరమ్మని కూర్చోబెట్టింది, చెవి ఉన్న చోట సీటు మీద సుద్దతో గీత పెట్టింది. పొడుగాటి పంక్చర్లతన్ని కూర్చోబెట్టింది, గీత పెట్టింది. టీ కొట్టాయన, డ్రైవరు, తమ్ముడు. గీతలు మెట్లలాగా పైకీ కిందికీ పడ్డాయి. ఏ ఇద్దరి చెవులూ ఒకచోట లేవు. అక్క ఆ గీతల ముందు చీర కొంగు బిగించుకుని చాలాసేపు నిలబడింది. తరవాత తల ఆనించుకునే దిండుని రెండు చేతులతో పట్టుకుని పైకి లాగింది. అది తన రెండు కడ్డీల మీద పైకొచ్చింది. కిందికి నొక్కింది. దిగింది.

"మనిషిని బట్టి కదిలేది సీటంతటిలో ఇదొక్కటేరా" అంది మెల్లిగా. "దీనికి రెండు పక్కలా రెక్కలు కుడతా. నీ స్పీకర్లు ఆ రెక్కల్లో పెట్టు. తల ఎక్కడుంటే అవీ అక్కడే ఉంటాయి."

డబ్బాకి అక్క కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. పెడితే తంతుందని ఊరుకున్నాడు.

ఇక పనిలో పడ్డారు. అరచేతిలో ఇమిడే స్పీకర్లు తెచ్చి, వెనక్కి పోయే శబ్దం పక్కవాడి చెవిలో పడకుండా ఒక్కోదానికీ గిన్నెలాంటి మూత బిగించాడు డబ్బా. దిండు పైకి లాగినప్పుడు తీగ తెగకుండా లోపల ఓ మెలిక వదిలాడు. అక్క స్పీకరు చుట్టూ మెత్తటి స్పాంజి చుట్టకుదురు కుట్టింది, నిద్రలో తల పక్కకి వాలినా గట్టిది తగలకుండా. దాని మీద జాలీ గుడ్డ. అది బిగిస్తే జుమ్మంటుంది, వదిలేస్తే ముడతపడుతుంది. వంకర సూదితో నాలుగు కుట్లు వేసి, గోటితో మీటి, చెవి పెట్టి, తల అడ్డంగా ఊపి, విప్పి, మళ్ళీ కుట్టింది. నచ్చేదాకా విప్పింది. దోమతెర అంటారేమోనని జాలీ అంచు చుట్టూ సన్నటి నల్ల పట్టీ వేసింది. ఆ పట్టీతో దాని అందమే మారిపోయింది. ఇన్నేళ్ళూ పక్క గదిలోనే ఉండి తను ఈ చేతుల్ని సరిగ్గా చూడనేలేదని డబ్బాకి సిగ్గేసింది. సిగ్గు కన్నా గర్వం ఎక్కువేసింది.

ఈసారి ఇంట గెలిచాకే రచ్చ అన్నారు. ఇంజను వేసి, డబ్బా చివరి వరసలో నిండుగా వెనక్కి వాలి కూర్చున్నాడు. గైడమ్మ ముందు మైకు పట్టుకుంది. చెవి పక్కనే స్పీకరు ఉంది కాబట్టి శబ్దం పెంచే పనే లేదు. పెంచనప్పుడు మైకు కూత పెట్టే పనీ లేదు.

"వినిపిస్తోందా?"

ఆపరేషను అయిన దగ్గర్నుంచీ ఆవిడ ఏం చెప్పినా అతను ఒంగి, చెవి ఒగ్గి, మొహం చిట్లించి వింటున్నాడు. ఇప్పుడు ఒంగలేదు. వ్యాను ఆ చివర నిలబడ్డ మనిషి పక్కన కూర్చుని అడిగినట్టు వినిపించింది. అతను తల ఊపాడు.

ప్రయాణం రోజు వ్యాను నిండింది. ఓనరు మధ్య వరసలో కూర్చున్నాడు, అక్క అతని వెనక, డబ్బా చివర స్విచ్చుల దగ్గర. పోటీ సంగతి ప్రయాణికులకి తెలియదు. మొదటి మలుపు దాటగానే గైడమ్మ మైకు ఎత్తింది. కబుర్లు చెప్పుకుంటున్నవాళ్ళు ఎవరో చెవి దగ్గర పలకరించినట్టు ఉలిక్కిపడి పక్కకి చూశారు, తరవాత ముందుకి చూశారు, తరవాత నెమ్మదిగా వెనక్కి వాలారు. ఆవిడ పాత పద్ధతిలో చెప్పలేదు. అలా చెప్పాలంటే అరవాలి. ఇరుగింటామె పొరుగింటామెకి చెప్పినట్టు చెప్పింది. "ఎడమ పక్క చూడండి" అని ఆ చిన్న గొంతు అనగానే ముందు వరస నుంచి చివరి వరస దాకా తలలన్నీ ఒక్కసారి ఎడమకి తిరిగాయి. వెనక నుంచి అది చూసిన డబ్బాకి కళ్ళు చెమర్చాయి. అక్క మాత్రం ఎవరి దిండు సరిగ్గా ఆనలేదో చూస్తోంది.

కొండ మీద దిగి, తిరిగి ఎక్కారు. దిగుదల మొదలైంది. ఓనరు వెనక్కి తిరిగి వేలు చూపించాడు. డబ్బా రికార్డు వేశాడు.

ఏం గొంతు అది! నిండుగా, గలగలమని, ఆ రెక్కల్లోంచి ఇంకా స్వచ్ఛంగా వచ్చింది. "భలే ఉందే" అన్నారెవరో. నెలల తరబడి డబ్బా కలవరించింది ఆ గొంతునే. కానీ అతని చూపు ముందు సీటు మీదికి పోయింది. గైడమ్మ మైకు ఒళ్ళో పెట్టుకుని, చేతులు రెండూ దాని మీద వేసి, తన మాటలు తనే వింటోంది. మనిషి అక్కడుండగా ఆ గొంతు ఎవరిదో అనిపించింది అతనికి.

"ఇప్పుడు కుడి పక్క రాళ్ళ ఇల్లు చూడండి!" అంది రికార్డు హుషారుగా. "అన్నదమ్ములు కొట్టుకుని ఇల్లు పంచుకున్నారు. తలుపు ఒకటే, రంగులు రెండు! సగం పసుపు, సగం ఆకుపచ్చ!"

తలలు కుడికి తిరిగాయి. ఇల్లు వచ్చింది. తలుపు మొత్తం పసుపే.

"ఏదీ ఆకుపచ్చ?" అన్నాడొకాయన. "ఇది కాదేమో" అంది పక్కావిడ. రికార్డు అవేం పట్టనట్టు, నవ్వుల కోసం ఆగాల్సిన చోట ఆగి, తరవాతి వంతెన గురించి మొదలుపెట్టింది. చూస్తుండగానే తలలన్నీ గైడమ్మ వైపు తిరిగాయి.

డబ్బా స్విచ్చు కట్టేశాడు.

"ఎందుకాపావ్?" అన్నాడు ఓనరు.

"మనిషి ఇక్కడే ఉంది కదండీ" అన్నాడు డబ్బా.

గైడమ్మ మైకు ఎత్తింది. "ఇందాక చెప్పింది కూడా నేనేనండీ" అంది ప్రతి చెవి పక్కనా. "అది అప్పటి సంగతి. పోయిన వారం ఆ ఇంటి దగ్గర దిగి పలకరించి వచ్చాను. అన్నగారికి చూపు మందగించింది. ఆకుపచ్చ కంటికి ఆనడం లేదు, పసుపు ఒక్కటే పోల్చుకోగలుగుతున్నారు. ఆయన తలుపు కోసం తడుముకుంటుంటే తమ్ముడు చూశాడు. చూసి, ఎవరికీ చెప్పకుండా తన సగానికి కూడా పసుపే వేసేశాడు."

ఎవరూ నవ్వలేదు. వ్యాను రెండు మలుపులు దిగింది.

మధ్య వరసలో ఓనరు, అక్క కుట్టిన దిండుకి తల ఆనించి, బయటికి చూస్తూనే అడిగాడు.

"తరవాత మాట్లాడుకున్నారా, అమ్మా?"

గైడమ్మ చెప్పసాగింది.